పెరుగన్నం అని చెప్పాను

పదో తరగతిలో నాకు ఐదు వందల డెబ్భై నాలుగు మార్కులు వచ్చాయి. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుందని గానీ రాదని గానీ గట్టిగా చెప్పలేని మార్కులవి. గీత మీద ఉన్నావమ్మా అన్నారు మా లెక్కల మాస్టారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పగానే నానమ్మ చేస్తున్న పని ఆపి, "అయితే వాడపల్లి వెళ్దాం" అంది.

వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకోవడం మా వైపు అందరూ చేసేదే. వరసగా ఏడు శనివారాలు వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చెయ్యాలి. ఆ రోజు ఒంటిపూట భోజనం. చేప, మాంసం, గుడ్డు ముట్టకూడదు. మాది రామచంద్రపురం పక్క పల్లెటూరు. బస్సెక్కి రావులపాలెం వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో వాడపల్లి చేరేసరికి రెండు గంటలు పడుతుంది. నానమ్మకు డెబ్భై ఒక్క ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. అయినా మొదటి రెండు శనివారాలూ నా పక్కనే నడిచింది. లెక్క తప్పకుండా ఏడు చింతపిక్కలు తెచ్చుకునేది. ఒక్కో చుట్టు పూర్తయ్యాక ఒక్కో పిక్క ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చేది. ఇంటికి వెళ్ళేటప్పుడు వాటిని కొంగున ముడి వేసుకునేది.

రెండో వారం తర్వాత మా పిన్ని సూర్యకళ వచ్చింది. పిన్ని మా అమ్మ చెల్లెలు. మలేషియాలో పినాంగ్ అనే దీవిలో ఉంటుంది. మా రాజేంద్ర బాబాయి అక్కడ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. నా పాస్‌పోర్టు రెండేళ్ళ కిందటే అమ్మ చేత తీయించి పెట్టింది. బంధువుల పెళ్ళికని వచ్చిన మనిషి, వెళ్ళేటప్పుడు నెల్లాళ్ళు నన్ను కూడా తీసుకుపోతానంది. నాన్న సరే అన్నాడు. నాకు మాత్రం వారాలు గుర్తొచ్చాయి.

"మరి నా మొక్కో నానమ్మా?"

"నీ బదులు నేను తిరుగుతాలే. ఒక ఇంట్లోవాళ్ళమేగా, ఆయనేం అనుకోడు. తిండి ఒక్కటీ నీ బదులు నేను మానలేను. అది నువ్వే చూసుకోవాలి. వారానికి ఒక్క రోజు, అంతేగా."

"సరే."

"మోకాళ్ళు చూసుకోమ్మా, ఎండలు మండిపోతున్నాయి" అన్నాడు నాన్న.

"నువ్వు నీ దాళ్వా కోతలు చూసుకో. వెంకన్న సంగతి నేను చూసుకుంటా" అంది నానమ్మ.

నా చేత ఒట్టు వేయించుకోలేదు. వేయించుకుని ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వేయించుకోకపోవడానికి కారణం, నాకు ఒట్టు అవసరం లేదని ఆవిడ అనుకోవడమేనని అప్పట్లో అనుకున్నాను.

కొత్తగా కలిపిన ఆవకాయ ఒక సీసాలో పెట్టి, మూతకు గుడ్డ కట్టి, కవరు మీద కవరు తొడిగి నా బ్యాగులో పెట్టింది. శనివారం శనివారం పెరుగన్నంలో వేసుకోమంది.

నేను మొహమాటస్థురాలిని. ఎవరింటికైనా వెళితే వడ్డించకముందే చాలండీ అంటాను. బడిలో మధ్యాహ్నం అన్నం కూడా గోడ వైపు తిరిగి తినేదాన్ని. పినాంగ్‌లో నాకు ఏమైందో తెలియదు. అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. పెద్దిరాజు గారి కూతురు అనేవాళ్ళు లేరు. రోడ్డు పక్కన చిన్న చిన్న బళ్ళు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరి గిన్నె వాళ్ళది. పిన్ని ఏది కొనిపెట్టినా తిన్నాను. పొద్దున్నే పొరలు పొరలుగా లేచే రొట్టె, దానితో పప్పు పులుసు. కొబ్బరిపాలతో వండిన అన్నం. మా ఊళ్ళో పిల్లికి వేసే చిన్న చేపలు, నెత్తళ్ళు, అక్కడ వేరుశనగ గుళ్ళతో కరకరలాడేలా వేయించి ఆ అన్నం పక్కన పెట్టారు. సాయంత్రం కొబ్బరిపాలు, బెల్లంపాకం, మంచుపొడి కలిపి ఆకుపచ్చటి సేమియా లాంటిది. వారం తిరిగేసరికి నా గౌను నడుం దగ్గర బిగిసింది. "వచ్చినప్పుడు నోరు లేదనుకున్నాం. ఉంది, తినడానికి దాచుకుందంతే" అన్నాడు బాబాయి. నేను నవ్వాను. ఎవరైనా ఏడిపిస్తే నవ్వడం నాకు అదే మొదటిసారేమో.

అక్కడ మొదటి శనివారం, మొక్కులో మూడో వారం, బాగానే గడిచింది. పిన్ని ముద్దపప్పు వండింది. సాయంత్రం వీడియో కాల్‌లో నానమ్మ అరచేతిలో చింతపిక్కలు చూపించింది. "ఇదిగో చూడు, ఏడూ ఇటు వచ్చేశాయి" అంది. వెనక నుంచి అమ్మ, "అత్తయ్య గారండీ, ఫోను కాస్త దూరంగా పెట్టండి, పిక్కలు కాదు చేతిగీతలు కనపడుతున్నాయి" అంటోంది.

నాలుగో వారం బాబాయి ఆఫీసువాళ్ళతో కలిసి ఒక కొండ కింద బజారుకు వెళ్ళాం. కొండ మీద పెద్ద బౌద్ధుల గుడి ఉంది. గుడి చూసి దిగేసరికి మధ్యాహ్నం అయింది. బజారు మొదట్లో ఒకావిడ పెద్ద గుండిగ ముందు నిలబడి గరిటెతో తిప్పుతోంది. దగ్గరకు వెళ్ళకముందే వాసన వచ్చింది. నేను ఆగిపోయాను. అది చేపల పులుసు వాసన. చింతపండు, చేప, కారం కలిసి మరిగే వాసన. సముద్రం దాటి అంత దూరం వస్తే మా వంటింటి వాసన ఎదురొచ్చింది.

అందరం ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. బాబాయి లెక్కపెట్టి ఎంతమంది ఉంటే అన్ని గిన్నెలు చెప్పేశాడు. నా ముందు కూడా ఒకటి వచ్చింది. దాన్ని వాళ్ళు లక్సా అంటారు. బియ్యప్పిండితో చేసిన లావు సేమియా, దాని మీద చేప చిదిపి కలిపిన పులుసు, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, దోసకాయ, పుదీనా, అనాస ముక్కలు. పక్కన చెంచాలో నల్లటి రొయ్యల ముద్ద.

ఇవాళ శనివారం పిన్నీ అనాలి. మూడు మాటలు. నోటిదాకా వచ్చాయి కూడా. బాబాయి ఆఫీసులో పనిచేసే పెద్దాయన ఒకరు ఎదురుగా కూర్చుని, తిను తిను అన్నట్టు తల ఊపుతూ నవ్వుతున్నారు. ఆయన ముందు శనివారం అంటే ఏంటో, మొక్కు అంటే ఏంటో చెప్పాలంటే సిగ్గేసింది. ఆ సిగ్గు నిజమే. కానీ ఆ సిగ్గు లేకపోయినా చెప్పేదాన్ని కాదేమో. గిన్నె మీంచి వచ్చే ఆవిరి మొహానికి తగులుతోంది.

తిన్నాను. రెండు ముద్దలు తిని ఆపుదామనుకున్నాను. ఆపలేదు. పులుపు ముందు తగిలి, కారం తర్వాత వచ్చి, చివర్లో అనాస ముక్క తియ్యగా అడ్డం పడేది. ముక్కు కారింది. చెమట పట్టింది. సేమియా అయిపోయాక గిన్నె రెండు చేతులతో ఎత్తి పులుసు తాగేశాను.

"హేమ గిన్నె కడిగేసింది చూడండి. పాపం ఆవిడకి పని తగ్గించింది" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు.

అప్పుడు పిన్నికి గుర్తొచ్చింది. "అయ్యో, ఇవాళ శనివారం కదే?"

నేను నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. ఇప్పుడే గుర్తొచ్చినదానిలా కళ్ళు పెద్దవి చేశాను. అలా చెయ్యడం నాకు వచ్చని అప్పటిదాకా నాకే తెలియదు.

"మర్చిపోయాను పిన్నీ."

"పోనీలే. తెలియక తిన్నదానికి దోషం లేదులే" అంది పిన్ని.

సాయంత్రం నానమ్మ ఫోన్ చేసింది. వీధి అరుగు మీద కూర్చుని పాదాలు నీళ్ళ బకెట్లో పెట్టుకుని ఉంది.

"ఇవాళ రాళ్ళు కాలిపోయాయే. గోనెపట్టాలు పరిచి నీళ్ళు చల్లుతున్నారు గానీ, ఆ జనంలో పట్టా మీద కాలు పెట్టనిస్తేగా. ఐదో చుట్టులో కూలబడ్డాను. మన ఎదురింటి లక్ష్మి లేపింది. పూర్తి చేశాలే. నువ్వేం తిన్నావు?"

"పెరుగన్నం" అన్నాను.

"ఆవకాయ వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"ఎలా ఉంది? ఉప్పు సరిపోయిందా? ఈ ఏడు కొంచెం తగ్గిందేమోనని నా అనుమానం."

"సరిపోయింది నానమ్మా."

ఆవిడ మొహం విప్పారింది. నేను ఫోను పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాను. ఆ సీసా అప్పటికింకా మూత తియ్యకుండా పిన్ని వంటింట్లో అలమారలోనే ఉంది.

కాల్ పెట్టేశాక చూస్తే పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది.

"అబద్ధం ఎందుకే? పొరపాటున తిన్నానని చెప్పొచ్చుగా. ఆవిడ ఏమీ అనదు."

"ఏమీ అనదు పిన్నీ. మళ్ళీ ఒకటో వారం నించి మొదలుపెడుతుంది. ఆ మోకాళ్ళతో."

పిన్ని, అదీ నిజమేలే అంది. నేను కూడా అదే నిజం అనుకున్నాను. నానమ్మ కోసమే చెప్పలేదని నాకు నేనే రెండు మూడుసార్లు చెప్పుకున్నాను. నాకు రోజూ డైరీ రాసే అలవాటుంది. ఏడో తరగతి నుంచి ఒక్క రోజు కూడా మానలేదు. ఆ రోజు కూడా రాశాను. కొండ మీద గుడి గురించి ఒక పేజీ రాసి, చివర మధ్యాహ్నం పెరుగన్నం అని రాశాను. ఆ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు.

మొదటిసారి జరిగినదాన్ని మొహమాటం అనుకోవచ్చు. రెండోసారికి ఆ పేరు పెట్టడానికి లేదు.

ఆ వారమంతా నా నాలుక దగ్గర ఆ పులుపు అలాగే ఉంది. పిన్ని మంచి మంచి కూరలు వండింది. తింటూనే ఉన్నాను, కానీ ఆ గుండిగ గుర్తొస్తూనే ఉంది. శుక్రవారం సాయంత్రం పిన్ని అడిగింది. "రేపు బాబాయికి సెలవు. ఎక్కడికెళ్దాం? నువ్వు చెప్పు."

"ఆ కొండ దగ్గరికి."

"మళ్ళీనా? గుడి అంత నచ్చిందా?"

"ఊఁ" అన్నాను.

మర్నాడు గుడి సగం వరకే ఎక్కాం. కాళ్ళు నొప్పి అన్నాను. బజారులోకి దిగగానే పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇవాళ నాకు గుర్తుంది. నీకు కూరగాయల నూడుల్స్ చెబుతాను. అక్కడ దొరుకుతాయి."

నేను తల వంచుకుని చెప్పాను. "పోయిన వారం ఎలాగూ పోయింది కదా పిన్నీ. ఇప్పుడు తింటే ఏమైంది."

పిన్ని నా వంక చూసింది. తిట్టలేదు. నవ్వలేదు. చెయ్యి వదిలేసి వెళ్ళి గిన్నెలు చెప్పింది. ఆ గిన్నెలో పుదీనా ఎక్కువ వెయ్యమని నేనే సైగ చేసి అడిగాను. మొదటిసారికన్నా రుచిగా ఉంది. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది గానీ, ఉంది.

సాయంత్రం నానమ్మ, "ఏం తిన్నావే?" అంటే, అడిగీ అడగకముందే "పెరుగన్నమే" అన్నాను. ఎదురింటి లక్ష్మి గారు పక్కనే ఉన్నట్టుంది. నానమ్మ అటు తిరిగి అంది. "విన్నావా లక్ష్మీ? విమానమెక్కి అంత దూరం పోయినా తప్పలేదు. మా పిల్ల అలాంటిది."

పిన్ని కూర తరుగుతోంది. కత్తి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఆరో శనివారం నా ప్రయాణం. పిన్నివాళ్ళకు తెలిసిన కుటుంబంతో విశాఖపట్నం విమానం ఎక్కాను. ఆ రోజు ఏమీ తినలేదు. విమానంలో పెట్టిన పొట్లం కూడా విప్పలేదు. మొక్కు మీద భక్తితో కాదు, భయంతో.

ఆదివారం పొద్దున్న ఇంటికి చేరాను. అమ్మ లోవలక్ష్మి నాకోసం పొద్దున్నే కొరమేను తెప్పించింది. మామిడికాయ వేసి పులుసు పెట్టింది. నాన్న, నేను, నానమ్మ వరసగా కూర్చున్నాం. అమ్మ నాకు రెండు ముక్కలు వేసింది, నాన్నకు తలకాయ వేసింది, నానమ్మ కంచంలో మాత్రం బెండకాయ వేపుడు వేసింది.

"నానమ్మకు వెయ్యవేం?" అన్నాను. మా ఇంట్లో కొరమేను తోక ముక్క నానమ్మదే. అది ఇంకెవరైనా తీసుకుంటే ఆ పూటంతా గుర్తుచేస్తుంది.

"నువ్వు వెళ్ళిన రోజు నించీ మీ నానమ్మ చేప ముట్టలేదు" అంది అమ్మ.

"శనివారమేగా ముట్టకూడదు?"

"అదే నేనూ అన్నాను. వారమంతా మానేసిందమ్మా. ఏడు వారాలూ అయ్యేదాకా అంట. మొన్న రొయ్యలొచ్చాయి, కావాలని ఎదురుగా కూర్చుని తిన్నారు మీ నాన్న. అయినా చలించలేదు."

"నీకెందుకు, నువ్వు వడ్డించు" అంది నానమ్మ.

తర్వాత చెయ్యి కడుక్కోవడానికి లేచింది. పెరటి గుమ్మం దాకా గోడ పట్టుకుని వెళ్ళింది. మడమలు నేలకు ఆనించకుండా, వేళ్ళ మీద నడుస్తోంది. ఎడమ పాదం అడుగున చర్మం ఊడిపోయి కొత్త చర్మం ఎర్రగా కనిపించింది. నేను చేప ముక్కలు కంచం అంచుకు జరిపాను.

"ఏం, అక్కడి తిండి మరిగి మా పులుసు ఆనడం లేదా?" అంది అమ్మ.

"ఆకలి లేదమ్మా."

ఆ వారంలో చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నానమ్మ పెరట్లో మునగాకు దూస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నానమ్మా" అన్నాను. "ఏమే" అంది. "ఏం లేదు" అన్నాను. మర్నాడు తలకు నూనె రాయించుకుంటూ మళ్ళీ "నానమ్మా" అన్నాను. "సీటు గురించి బెంగా? వస్తుందిలే. ఇంక ఒక్క వారం" అంది, నా మాడు మీద చేత్తో తడుతూ. చెబితే ఆ మోకాళ్ళతో మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుంది. చెప్పకపోతే ఏడో వారం కూడా పూర్తిచేసుకుని, మొక్కు తీరిందని ఊరంతా చెప్పుకుంటుంది. రెండింటిలో ఏది జరిగినా అది నా వల్లే.

ఏడో శనివారం ఇద్దరమే బయల్దేరాం. రావులపాలెం వంతెన మీద బస్సు వెళుతుంటే గౌతమి సన్నగా, ఇసుక మేటల మధ్య పారుతోంది. నానమ్మ కిటికీలోంచి దణ్ణం పెట్టుకుంది. వాడపల్లిలో ఆటో దిగేసరికే జనం కిటకిటలాడుతున్నారు. గోవింద నామాలు మైకులో వినిపిస్తున్నాయి. చెప్పులు వదిలి లోపలికి వెళ్ళాక, నానమ్మ ఒక పక్కన నీడలో కూర్చుని కొంగు ముడి విప్పింది. ఏడు చింతపిక్కలూ నా అరచేతిలో పోసింది. ఆరు వారాలుగా ఆవిడ చేతిలో నలిగి అవి నున్నగా మెరుస్తున్నాయి.

"ఇవాళ నువ్వు తిరిగిరా. ఆఖరి వారం మొక్కుకున్న మనిషి చేతి మీదుగా అవ్వాలి. నేను ఇక్కడ కూర్చుంటా. నాలుగో చుట్టుకి వచ్చినప్పుడు మంచినీళ్ళు తాగి వెళ్ళు."

నా వేళ్ళు ముడుచుకోలేదు. పిక్కలు అరచేతిలో అలాగే ఉన్నాయి.

"వెళ్ళవేంటే?"

"నేను తిన్నాను నానమ్మా."

"ఏం తిన్నావు? పొద్దున్న కాఫీయేగా. దానికేం కాదు."

"ఇవాళ కాదు. అక్కడ. శనివారం నాడు. చేప."

మైకులో నామాలు ఆగి, ఎవరో తప్పిపోయిన పిల్లవాడి పేరు చెబుతున్నారు. అది అయ్యాక నానమ్మ అడిగింది.

"ఎన్ని వారాలు?"

"రెండు."

"తెలియక తిన్నావా?"

తెలియక తిన్నదానికి దోషం లేదని పిన్ని అన్న మాట ఒకటి ఉంది. వాడుకోవచ్చు. "తెలిసే" అన్నాను.

"రెండోసారీ?"

"రెండోసారి నేనే అడిగి మరీ తీసుకెళ్ళమన్నాను."

నానమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ప్రదక్షిణ చేసేవాళ్ళ వైపు చూస్తోంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి ఆవకాయ? ఉప్పు సరిపోయిందన్నావు."

"సీసా మూత తియ్యలేదు."

"అదీ అబద్ధమేనా?"

ఇంతసేపూ మామూలుగా ఉన్న ఆవిడ గొంతు అక్కడ మారింది. చేప గురించి విన్నప్పుడు మారలేదు. నాకు ఏడుపొచ్చింది. జనం చూస్తారని చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"చెబితే నువ్వు మళ్ళీ మొదటినించి తిరుగుతావని చెప్పలేదు" అన్నాను. అలా అంటున్నప్పుడే అది సగమేనని తెలిసింది. "భయం కూడా వేసింది. మా పిల్ల అలాంటిది అన్నావు కదా."

"నేను మళ్ళీ ఎందుకు తిరుగుతానే? నేను తిరిగినవి ఎక్కడికీ పోవు. ఆరు అయ్యాయి, ఇవాళ్టితో ఏడు. అవి నావి." నా చేతిలోని పిక్కల వైపు చూసి అంది. "పదిహేనేళ్ళ పిల్లవి. కొత్త దేశం. రోజుకో రుచి చూపిస్తారు. ఎక్కడో ఒకచోట నోరు జారతావని నాకు తెలీదనుకున్నావా? అందుకే నేను వారమంతా మానేశాను. అటు తగ్గితే ఇటుది కలుపుకుంటాడులే ఆయన అని. జారితే వచ్చి చెప్పుకుంటావనుకున్నా. ఆవకాయ వేసుకున్నాననీ, ఉప్పు సరిపోయిందనీ అంటావని మాత్రం అనుకోలేదు."

నన్ను మంచిదాన్ననుకుని నమ్మి ఉంటే ఇంత సిగ్గుపడేదాన్ని కాదు. నేను ఎలాంటిదాన్నో తెలిసి, దానికి కూడా సరిపడా ఆవిడ ముందే నోరు కట్టుకుంది. జారితే వచ్చి చెబుతానన్న ఒక్క పిసరు నమ్మకం కూడా నేను నిలబెట్టలేదు.

నానమ్మ స్తంభం పట్టుకుని లేచింది.

"నువ్వు కూర్చో నానమ్మా. కాళ్ళు కాలుతాయి."

"నా ఏడోది నేను పూర్తి చేసుకోవద్దా?"

"ఈ పిక్కలు తీసుకో మరి."

"నీ దగ్గరే ఉంచు. లెక్కకి నాకు వేళ్ళ కణుపులు చాలు. నీకు ఇవాళ ఒకటో వారం. ఇంక ఆరు ఉన్నాయి. బస్సు నీకు తెలుసు, ఆటో తెలుసు. నేను రాను."

"ఈలోగా లిస్టు వచ్చేస్తుంది కదా. సీటు వచ్చేదీ రానిదీ అప్పటికే తెలిసిపోతుంది."

"తెలిస్తే తెలియనీ" అంది. అని జనంలోకి అడుగు పెట్టింది.

నేను నాలుగడుగులు వెనక నడిచాను. పక్కకు వెళ్ళి చెయ్యి పట్టుకునే ధైర్యం లేకపోయింది. ఆవిడ మడమలు ఎత్తి వేళ్ళ మీద నడుస్తోంది. పట్టా మీద చోటు దొరికినప్పుడు ఆగి, పాదాలు తడికి ఆనించి, మళ్ళీ కదులుతోంది. నాకు పట్టా మీద చోటు దొరికినా పక్కన రాయి మీదే నడిచాను. దానివల్ల ఆవిడ కాళ్ళకు ఏమీ తగ్గదని తెలుసు. అయినా అలాగే నడిచాను. ఒక్కో చుట్టుకు ఒక్కో పిక్క మార్చాను. ఐదో చుట్టులో ఆవిడ ఆగిపోయింది. అప్పుడు మాత్రం వెళ్ళి భుజం కింద చెయ్యి వేశాను. విదిలించలేదు. నా వైపు చూడనూ లేదు. మిగతా చుట్లు అలాగే పూర్తి చేశాం.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకు వదిలి తను ఇటు కూర్చుంది. బస్సు రావులపాలెం దాటింది. వంతెన ఎక్కాక, నది వైపే చూస్తూ అడిగింది.

"ఏం చేప?"

నాకు మొదట అర్థం కాలేదు. "కానాగంతల్లాంటివి. ఉడికించి, ముళ్ళు తీసేసి, చిదిపేస్తారు."

"చిదిపేస్తారా? ముక్క ఉండదా?"

"ఉండదు."

"పులుపుకి?"

"చింతపండే."

"మనలాగేనన్నమాట. కారం పచ్చిదా, ఎండుదా?"

"ఎండు మిరపకాయలు నూరి వేస్తారు. పైన పుదీనా, ఉల్లిపాయ, అనాసపండు ముక్కలు."

"అనాసా? చేపల పులుసులోనా?" నానమ్మ మొదటిసారి నా వైపు తిరిగింది. "వాళ్ళకేం వచ్చింది?"

"బాగుంటుంది నానమ్మా. పులుసు నోట్లో పుల్లగా ఉన్నప్పుడు మధ్యలో అది తగులుతుంది. తర్వాత నల్లగా రొయ్యల ముద్ద ఒకటి ఇస్తారు, చెంచాతో కలుపుకోవాలి. అది కలిపాక రంగు మారిపోయి..."

నా రెండు చేతులూ గాలిలో గిన్నె పట్టుకున్నట్టు ఉన్నాయి. చూసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. గుప్పిట్లో చింతపిక్కలు చెమటకు తడిసి ఉన్నాయి.

"ఆపావేం? చెప్పు" అంది నానమ్మ. "రెండుసార్లు తిన్నావుగా. సరిగ్గానే తెలిసుంటుంది."

చెప్పాను. చెబుతుంటే నోట్లో నీళ్ళూరాయి. కిటికీ వైపు తిరిగి మింగి, మిగతాది చెప్పాను.